పాత ఇంట కొత్త కొలువు

రాజు సింహాసనమెక్కి మంత్రులతోను, సామంతులతోను, పండితులతోను సభ తీర్చి కూర్చుండుటను తెలుగువారు 'కొలువు' అనిరి. కాలము మారినది, రాజులు పోయిరి, మాట మిగిలినది. నేడు పట్టము చేతబట్టుకొని యువకులు వెదకుచున్నదియు కొలువే. 'కచేరీ' అను మాట చరిత్రయు ఇట్టిదే. తాసీల్దారు కచేరీ అన్నచో కార్యాలయము. పాట కచేరీ అన్నచో గానసభ. తెలంగాణమున పెద్దలు నేటికిని ఆఫీసును 'దఫ్తరు' అనుచుందురు. పారసీకము ద్వారా వచ్చిన ఆ మాటకు లెక్కల పుస్తకమనియు, కాగితముల కట్టయనియు అర్థము. కట్ట పేరు, కట్టను దాచిన గదికి వచ్చినది.

మాటలు పనులు మార్చుకొన్నట్లే కట్టడములును మార్చుకొనుచుండును. ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరములో ఉఫీజి అను ప్రసిద్ధ చిత్రశాల ఉన్నది. ఆ పేరునకు అర్థము 'ఆఫీసులు' అని. 1560లో వసారి అను శిల్పి దానిని ప్రభుత్వ కార్యాలయముల కొరకే కట్టనారంభించెను. గుమాస్తాలు వెడలిపోయిరి, చిత్రములు వచ్చి చేరినవి. హైదరాబాదులో జరిగినది దీనికి తలక్రిందులు. ఇచట నవాబులు వెడలిపోయిన మేడలలోనికి గుమాస్తాలు వచ్చి చేరిరి.

మేడలలోనికి వచ్చిన బల్లలు, బీరువాలు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. జాగీరు రాబడిపై నడచిన పెద్ద మేడలకు సున్నము వేయించుటయే బరువయినది. అదే కాలమున ప్రభుత్వ శాఖలు పెరిగినవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడి హైదరాబాదు రాజధాని కాగా, కార్యాలయములకు చోటు మరింత కావలసివచ్చినది. ఒక వంక ఖాళీ మేడలు, మరొక వంక చోటు లేని శాఖలు. ఈ రెండు అవసరములు ఒకదానినొకటి వెదకికొని కలిసికొన్నవి.

కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలమున కట్టబడినది. 1949లో అందులోనికి మహిళా కళాశాల వచ్చినది. ఆ కళాశాలయే పెరిగి విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు ధరించినది. బేరారు యువరాజు ఆజంజా నివసించిన బెల్లావిస్టా భవనమున, 1956లో స్థాపితమైన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి నెలకొన్నది. కంపెనీల అధికారులును, ప్రభుత్వాధికారులును అచట పాలనాపాఠములు నేర్చుచున్నారు. పురానీ హవేలీ సమీపమున ఆరవ నిజాము కాలపు సర్దార్ మహలులో నగరపాలక సంస్థ కార్యాలయములు చిరకాలము నడచినవి. బేగంపేటలో వికారుల్ ఉమ్రా కట్టించిన పైగా భవనము కథ మరింత చిత్రమైనది. అందు మొదట నగరాభివృద్ధి సంస్థయైన హుడా పని చేసినది. తరువాత 2008 నుండి 2023 వరకు అమెరికా దేశపు కాన్సులేటు పని చేసినది. ఫలక్‌నుమా మేడను కట్టించిన ప్రభువే కట్టించిన మరొక మేడలో, సముద్రముల కావలికి పోదలచిన తెలుగు విద్యార్థులు పదునైదేండ్లు వరుసలు కట్టిరి.

ఈ మార్పులన్నియు ఒకే తీరున జరుగలేదు. కొన్నిచోట్ల కార్యాలయము మేడను కాపాడినది. మనుష్యులు మసలు చోట పైకప్పు కారినచో ఆ దినముననే తెలియును. తాళము పడిన ఇంట గోడ కూలిన పిమ్మట గాని తెలియదు. కొన్నిచోట్ల కార్యాలయమే మేడను కప్పివేసినది. ఎత్తయిన సభాంగణములను ప్లైవుడ్డు పలకలతో గదులుగా కోసి, చిత్రమైన సున్నపు పనిపై మేకులు దిగగొట్టి, కిటికీలకడ్డముగా బీరువాలు నిలిపినచో, అచట నలువదేండ్లు పని చేసిన ఉద్యోగికి సైతము తాను ఎట్టి భవనమున కూర్చున్నదియు తెలియకపోవచ్చును.

ఇట్టి మరపు ఎంత దూరము పోగలదో ఎర్రమంజిలు వ్యవహారమున కనబడినది. పారసీక కవులు వర్ణించు 'ఇరం' అను స్వర్గవనము పేరు పెట్టుకొన్న ఆ మేడ నవాబు ఫక్రుల్ముల్కుది. 'ఇరం' తెలుగువారి నోట 'ఎర్ర' అయినది. ఆ మేడలో ప్రభుత్వ కార్యాలయములు పెక్కేండ్లు నడచినవి. 2019 జూన్ మాసమున దానిని తొలగించి ఆ స్థలమున శాసనసభకు కొత్త భవనము కట్టవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. ప్రజాహిత వ్యాజ్యములు దాఖలయినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. మేడ నిలిచినది. కాని ప్రతి పాత ఇంటి పక్షమున న్యాయస్థానమునకు పోవువారుండరు. నవాబుల మేడలకు చరిత్రకారులు సాక్ష్యము చెప్పుదురు. ఊరిలోని పటేలు ఇంటికి, సాహుకారు ఇంటికి ఎవరు చెప్పుదురు?

బడంగ్‌పేటలో ఒక ఇల్లు అనుకొన్నచో

హైదరాబాదునకు దక్షిణమున, బాలాపురమునకు చేరువగా బడంగ్‌పేట ఉన్నది. నిన్నటి వరకు పొలములు, చెరువులు, రాతి గుట్టలు గల గ్రామము. 2013లో నగర పంచాయతి, 2019లో నగరపాలక సంస్థ అయినది. చేరువలో రక్షణ పరిశోధన సంస్థలు, మరికొంత దూరమున 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయము ఉన్నవి. ఇట్టి చోట్ల గజము నేలకు పలుకు వెల పెరిగినకొలది పాత ఇంటి ఆయువు తరిగిపోవును. దాయాదులు నలుగురు, నేల ఒకటి. ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపినచో నలుగురికిని వాటా వచ్చును. వారిని తప్పుపట్టుట సులభము. కాని వారికి మరొక దారి చూపనివారికి తప్పుపట్టు అర్హత లేదు. ఆ ఇంటికి అద్దె తెచ్చు పని కల్పించుటయే మరొక దారి.

ఇట్టి ఊరిలో ఒక పాత భవంతి ఇల్లు ఉన్నదనియు, ఇరువదిమంది పని చేయు ఒక కంపెనీ దానిలో తన ఆఫీసు పెట్టదలచినదనియు ఊహింపవచ్చును. నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టును నాలుగు వసారాలు, వసారాల వెనుక గదులు, వీధివైపు అరుగులు, రెండడుగుల మందము గల రాతి గోడలు, టేకు దూలములు, గూన పెంకులు. బల్ల, కుర్చీ, నడచు త్రోవ కలిపి మనిషికి 60 చదరపు అడుగులు లెక్కించినను ఇరువదిమందికి 1200 చదరపు అడుగులు చాలును. చోటు చాలినది. ఇక చిక్కంతయు దానిని వాడుకొను తీరులోనే ఉన్నది.

మొదటి పని కొట్టుట కాదు, కొలుచుట. టేపు పట్టుకొని ప్రతి గది పొడవు, వెడల్పు, ఎత్తు వ్రాసికొనవలెను. గోడలను వ్రేలి కణుపులతో తట్టి చూడవలెను; డొల్లగా మ్రోగినచోట పూత గోడను విడిచినదని గుర్తు. దూలములు గోడలో దూరిన కొనలను ప్రత్యేకముగ పరీక్షింపవలెను. చెమ్మయు, చెదయు మొదట పట్టునది అచటనే. నడుమ గట్టిగా కనబడు దూలము కొనల వద్ద పిండియై ఉండవచ్చును. అనుభవము గల వడ్రంగి ఉలి మొనతో పొడిచి చూచి చెప్పగలడు. ఈ పరీక్ష ముగియక ముందు గీసిన ఏ పథకమైనను గాలిలో మేడయే.

సున్నమునకు, సిమెంటుకు గల వైరము

పాత ఇంటికి జరుగు అపకారములలో అతి సామాన్యమైనది మంచి బుద్ధితో జరుగునదే. గోడ పాతబడినదని పైన సిమెంటు పూయుదురు. అది ఏల తగదో తెలియవలెనన్నచో సున్నము పుట్టుక తెలియవలెను.

సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినచో దానినుండి బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నము మిగులును. దానిపై నీరు పోసినచో కుతకుత ఉడికి తడి సున్నమగును. ఇసుకతో కలిపి గానుగలో నూరి గోడకు పూసినచో, పోయిన వాయువునే గాలినుండి మెల్లగా తిరిగి పీల్చుకొని మరల రాయిగా మారును. అనగా సున్నపు పూత, రాయి ఒకమారు తిరిగి తన ఇంటికి వచ్చుటయే. ఇదియే డంగుసున్నము. మేస్త్రీలు దానిలో బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపి పట్టు పెంచెడివారు. 1591 నాటి చార్మినారు గ్రానైటు రాళ్ళను కలిపి పట్టినది సున్నమే.

ఈ సున్నపు గోడ ఊపిరి పీల్చును. నేలనుండి ఎక్కిన చెమ్మ పూతలోని సన్నని రంధ్రముల గుండ ఆవిరియై వెలికి పోవును. సిమెంటు పూత గట్టిది, బిగువైనది; చెమ్మకు త్రోవ ఈయదు. లోపల చిక్కిన తడి పైపైకి ప్రాకి, తనలోని ఉప్పును గోడలో విడిచి, చవుడు పొంగించును. మూడు నాలుగు వానకాలములు గడచుసరికి కొత్త పూత పెచ్చులుగా ఊడును, ఊడుచు పాత గోడను గూడ కొంత తీసికొని పోవును. ఇంటివారు గోడ చెడ్డదందురు. చెడ్డది గోడ కాదు, దానికి తొడిగిన చొక్కా.

కావున కంపెనీవారు గోడలకు సున్నమే వేయింపవలెను. పైన రంగు కూడ సున్నపు వెల్లయే కావలెను. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయిరి. కూలి ఎక్కువ, ఆరుటకు వ్యవధి ఎక్కువ. మొదటి సంవత్సరము లెక్క చూచినచో సిమెంటే చౌకగా కనబడును. పదేండ్ల లెక్క చూచినచో అట్లు కనబడదు.

తీగెలు, చల్లదనము, బరువు

పాత ఇల్లు దీపపు వెలుగున బ్రతికినది. ఆఫీసునకు ప్రతి బల్ల వద్దను విద్యుత్తు కావలెను, కంప్యూటరు తీగె కావలెను. గోడను కాడి వేసి తొలిచి గొట్టములు పొదిగించుట అలవాటు. మట్టి, రాయి, సున్నము కలిసిన గోడను అట్లు నిలువునా చీల్చుట రోగము లేనివానికి శస్త్రచికిత్స చేయుట వంటిది. గోడ మొదట నేల వెంబడి మూతగల గొట్టము పరచి తీగెలన్నిటిని దానిలో నడపవచ్చును. వసారా దూలముల ప్రక్కగా బయటికి కనబడునట్లే చక్కగా కట్టి నడపవచ్చును. కనబడుట తప్పు కాదు. రేపు మార్చవలసినపుడు గోడ జోలికి పోనక్కరలేదు.

గదులు విడదీయుటలోను ఇదే సూత్రము. కొత్త అడ్డుగోడలు ఇటుకతో లేపక, తమ కాళ్ళపై తాము నిలుచు చెక్క చట్రములతో, అద్దములతో కట్టవలెను. అవి కప్పు వరకు పోక, ఏడడుగులతో ఆగినచో దూలములును, పెంకుల వాలును గదినుండి గదికి కనబడుచుండును, గాలియు ఆడును. కంపెనీ వెడలిపోయిన దినమున ఆ చట్రములు విప్పినచో ఇల్లు మునుపటి ఇల్లయి నిలువవలెను. 1964లో వెనిసు నగరమున సమావేశమైన నిపుణులు పాత కట్టడముల రక్షణకొక నియమపత్రము వ్రాసిరి. కట్టడమును సమాజమునకుపయోగపడు పనికి వాడుట మేలనియు, అయితే ఆ పని కొరకు దాని అమరికను, అలంకరణను మార్చరాదనియు దాని భావము. ఆ నియమము రాజప్రాసాదమునకు ఎట్లో బడంగ్‌పేట ఇంటికిని అట్లే.

అన్నిటికంటె పెద్ద పరీక్ష వాకిలి. ఆఫీసు గీయువారి చూపు మొదట దానిపైననే పడును. 'ఇంత చోటు వ్యర్థముగా ఉన్నది. పైన రేకులు వేసి పదిమందిని కూర్చుండబెట్టవచ్చును' అనిపించును. కాని ఆ ఇంటికి ఊపిరితిత్తి అదియే. వేడి గాలి తేలికయై వాకిలి గుండ పైకి పోవును. వసారాల నీడలోని చల్లని గాలి దాని చోటికి వచ్చును. వెలుతురు నాలుగు వైపులకును అచటినుండియే పంచబడును. వాకిలిని మూసినచో పగలు దీపములు వెలిగింపవలెను, చుట్టునున్న గదులన్నిటికిని ఏసీలు పెట్టవలెను. పదిమంది చోటు కొరకు ఇరువదిమంది గాలిని అమ్ముకొన్నట్లగును.

ఏసీ అసలే వలదనుట నేటి కాలమున చెల్లదు. నలువది డిగ్రీలు దాటు వేసవి, వేడెక్కు యంత్రములు, ఎనిమిది గంటల పని. కాని అది ఏ గదికి కావలెనో ఎంచుకొనవచ్చును. యంత్రములుండు గది, సమావేశపు గది రెండింటికి చాలును. మందపు గోడల నీడగల వసారాలకు పంకాలు పెక్కు మాసములు సరిపోవును. వెలుపలి పెట్టెలను వీధి ముఖమున వ్రేలాడదీయరాదు. వాటినుండి కారు నీటిని గొట్టముతో మొక్కలకు పంపవలెను. గోడపై బొట్టు బొట్టుగా పడు నీరు, ఒక వానకాలము చేయు చేటును ప్రతి మాసమును చేయును.

బరువు సంగతి చాలమంది మరతురు. మిద్దెపై గది ఖాళీగా ఉన్నదని ఫైళ్ళన్నియు అచటికి చేర్చుదురు. కాగితము తేలికయని భ్రమ. దట్టముగా పేర్చిన ఒక ఘనపు మీటరు కాగితము 700 కిలోల పైమాటయే. దూలము నడుమ అట్టి బీరువాలు నాలుగు నిలిపినచో ముగ్గురు నలుగురు మసలుటకు కట్టిన మిద్దెపై ఏనుగును ఎక్కించినట్లు. ఫైళ్ళు క్రిందనే ఉండవలెను, తప్పనిచో గోడల ప్రక్కన.

మరుగుదొడ్లు, చేతులు కడుగు తొట్లు పాత గోడల నడుమ గాక, పెరటివైపు విడిగా కట్టిన కొత్త గదిలో పెట్టుట క్షేమము. నిప్పు పుట్టినపుడు బయటపడుటకు పెరటి దారి తప్పక తెరచి ఉండవలెను. టేకు ఎంత గట్టిదైనను చెక్కయే. ఎత్తయిన గడపలు, అరుగు మెట్లు చక్రపు కుర్చీలో వచ్చువారిని ఆపివేయును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును పాటించుటకు అరుగును పడగొట్టనక్కరలేదు. ప్రక్కనుండి చెక్కతో ఒక వాలుదారి కట్టిన చాలును. గడప కొయ్యను కోయక దాని ఇరువైపుల చిన్న వాలు పెట్టవచ్చును. ఇంటికి మర్యాద, మనిషికి మర్యాద రెండును నిలుచును.

ఇంతయు చేసిన పిమ్మట కంపెనీకి లాభమేమి అను ప్రశ్న మిగులును. పది కంపెనీలకు పది ఒకే తీరు అద్దాల గదులుండగా, తనకొక ముఖము ఏర్పడును. విద్యుత్తు ఖర్చు తగ్గును. ఇంటివారికి అద్దె వచ్చును, దాయాదులు ఆ అద్దెను పంచుకొందురు, నేల చేజారదు. అయితే ప్రతి ఇల్లును ప్రతి పనికి తగదు. రెండు వందలమంది ఉద్యోగులను ఇరువదిమంది ఇంట క్రుక్కవలెనన్నచో, ఆ ఇంటిని విడిచిపెట్టి మరొక చోటు చూచుకొనుటయే మేలు. ఇల్లు ఒప్పుకొనిన పనినే ఇంట చేయవలెను.

తరగతి గదికి ఒక పని

2017లో తెలంగాణమున వారసత్వ సంపద రక్షణకు చట్టము వచ్చినది. చట్టము జాబితాలో నున్నవానిని కాపాడును. జాబితాకెక్కని ఇండ్లు ఊరూరను ఉన్నవి. వానిని గుర్తించుటకు ఉపాధ్యాయులకంటె, విద్యార్థులకంటె తగినవారు లేరు. ఎనిమిదవ తరగతి పిల్లలు టేపుతో ఒక పాత ఇంటిని కొలిచి పటము గీయగలరు, అందు క్షేత్రగణితమున్నది. సున్నము కాల్చుట రసాయనశాస్త్రము. వాకిలి గాలి భౌతికశాస్త్రము. కట్టినవారి, ఉన్నవారి కథ చరిత్ర.

తెలుగు ఉపాధ్యాయునికి గూడ అందు పాలు ఉన్నది. దూలము, వాసము, అటక, గూడు, వసారా, గడప, అరుగు, దర్వాజ, గొళ్ళెము. ఇవి నిఘంటువులో మిగులు మాటలు కారాదు. గడప లేని ఇంట పుట్టిన బిడ్డకు 'గడప దాటుట' అనునది వట్టి శబ్దమే అగును. ఇల్లు పడిన దినమున రాళ్ళతో పాటు మాటలును పడును. రాళ్ళను లారీలో ఎత్తుకొని పోవుదురు, మాటలను ఎవరును ఎత్తరు. ఇంటివారి అనుమతితో, ఆ ఇంటి ముసలమ్మ ప్రక్కన కూర్చుండి, ఏ భాగమును ఏమందురో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుటకు ఒక ఆదివారము చాలును. పొక్లెయిను వచ్చిన పిమ్మట వేయి ఆదివారములైనను చాలవు.